మీ చేతికి కుదిరిందే మంచి ఇన్‌హేలర్

"పంపు తెచ్చుకున్న, నెల రోజులు కొట్టుకున్న, దమ్ము మాత్రం తగ్గలే." మిర్యాలగూడ రైస్ మిల్లు హమాలీ నుంచి బాదేపల్లి మార్కెట్లో పత్తి బోరాలు మోసే కూలీ దాకా చాలామంది అనే మాట ఇది. ఆ పంపునే వాళ్ల చేతికిచ్చి ఒకసారి వాడి చూపించమనండి. కొంత మందు నాలుక మీద పడుతుంది. కొంత పెదవుల సందులోంచి తెల్లటి పొగలా బయటికి పోతుంది. ఊపిరితిత్తుల దాకా వెళ్లేది అత్తెసరే. మందు పనిచేయలేదని వాళ్లు అనుకుంటారు. నిజానికి మందు లోపలికి చేరనే లేదు.

ఆస్తమా గానీ, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) గానీ ఒకసారి వచ్చాక ఏళ్ల తరబడి మనతోనే ఉంటుంది. దానితో బతకడం ఒక నైపుణ్యం. సైకిలు, ఈత, ట్రాక్టరు లాగే ఇదీ నేర్చుకుంటేనే వస్తుంది. ఎవరైనా నేర్చుకోవచ్చు, ఏ వయసులోనైనా నేర్చుకోవచ్చు. కావలసినవి నాలుగే: ఉన్నది ఒప్పుకోవడం, సిగ్గు వదలడం, అడగడం, సాధన చేయడం.

ముందు పేరు తెలుసుకోండి

"వయసైంది, ఆయాసం రాదా మరి" అని సరిపెట్టుకోవడం మనకు పాత అలవాటు. మెట్లెక్కితే ఎగపోత, తెల్లవారుజామున దగ్గు, తెమడ, ఛాతీలో పిల్లికూతలు ఉంటే అది వయసు మాత్రమే కాకపోవచ్చు. మన దేశంలో 1990లో సీఓపీడీ ఉన్నవాళ్లు 2.8 కోట్ల మంది. 2016 నాటికి ఆ సంఖ్య 5.5 కోట్లకు చేరిందని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. మీరు ఒంటరి కాదు.

ఇది బీడీ, చుట్ట తాగేవాళ్ల జబ్బని ఇంకా నమ్మేవాళ్లున్నారు. "మా అవ్వ జన్మలో బీడీ ముట్టలే, ఆమెకెందుకు వచ్చింది?" అంటారు. కట్టెల పొయ్యి ముందు ముప్పై ఏళ్లు కూర్చుంటే చాలు. వంటగ్యాస్ ఇచ్చే పథకాల్లో దీపం 1999లో, ఉజ్వల 2016లో వచ్చాయి. అంతకు ముందు పీల్చిన పొగ ఖాతా మాత్రం ఊపిరితిత్తుల్లో అలాగే ఉంది. చిన్నప్పుడు వచ్చిపోయిన టీబీ, వడ్ల దుమ్ము, పత్తి నూగు, సిమెంటు, రాతి పొడి కూడా కారణాలే. దేశమంతా తిరిగి మట్టి, రాయి పని చేసిన పాలమూరు కూలీల ఛాతీలో ఏ దుమ్ము ఎంత చేరిందో లెక్క రాసినవాళ్లు లేరు.

పేరు తేలాలంటే స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్ష చేయించాలి. గుండెల నిండా గాలి పీల్చి, గొట్టంలోకి గట్టిగా, ఖాళీ అయ్యేదాకా ఊదాలి. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో ఎంత బయటికొచ్చిందో చూస్తారు. ఊపిరి గొట్టాలు తెరుచుకునే మందు పీల్చాక కూడా అది 70 శాతం కంటే తక్కువుంటే సీఓపీడీని అనుమానిస్తారు. మందుతో బాగా మెరుగుపడితే ఆస్తమా వైపు చూస్తారు. సూది లేదు, నొప్పి లేదు, పది పదిహేను నిమిషాల పని. రెండు వారాలకు మించి దగ్గుంటే టీబీ పరీక్ష కూడా చేయించాలి. సర్కారు దవాఖానలో అది ఉచితం.

దీనికోసం హైదరాబాద్ ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి దాకానే పోవాలన్న రోజులు కావివి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. అక్కడి ఛాతీ వైద్యుల విభాగంలో "నాకు ఊదుడు పరీక్ష చేయండి" అని నోరు తెరిచి అడగండి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే సూదితో రెండు రోజులు హాయిగా ఉండొచ్చు. ఆ సూదిలో తరచూ స్టెరాయిడ్ ఉంటుంది. నెలనెలా అదే వేయించుకుంటే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, అసలు జబ్బు పేరు ఎప్పటికీ తేలదు.

సిగ్గును సంచిలోంచి తీసేయండి

ఇన్‌హేలర్‌ను చీర కొంగు చాటున వాడే కోడళ్లున్నారు. బాత్రూంలోకి వెళ్లి వాడే ఉద్యోగులున్నారు. పెళ్లిచూపుల ముందు బీరువాలో దాచేసే తల్లిదండ్రులున్నారు. అద్దాలు పెట్టుకోవడానికి లేని సిగ్గు దీనికెందుకు?

అమెరికా క్రీడాకారిణి జాకీ జాయ్‌నర్ కెర్సీకి కాలేజీలో ఉండగా ఆస్తమా ఉందని తేలింది. మొదట్లో ఆమె కూడా ఒప్పుకోలేదు, మందులు సరిగ్గా వాడలేదు, ప్రాణం మీదికి తెచ్చుకుంది. ఆ తర్వాత జబ్బుతో యుద్ధం మానేసి, దాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంది. 1988 సియోల్‌లో రెండు, 1992 బార్సిలోనాలో ఒకటి, మొత్తం మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. మనకు పతకాలు అక్కర్లేదు. పొలం గట్టు దాకా నడిచి రాగలిగితే చాలు. దారి మాత్రం ఆమెదీ మనదీ ఒకటే.

"ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతది, గోలీలే నయం" అనే మాట మరో అడ్డం. లెక్క చూడండి. ఊపిరి గొట్టాలు తెరిచే సాల్‌బుటమాల్ గోలీలో 2 లేదా 4 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పంపు ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే 4 మిల్లీగ్రాముల గోలీలో నలభయ్యో వంతు. గోలీ కడుపులోంచి రక్తంలోకి, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తికి వస్తుంది. అందుకే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఇన్‌హేలర్ మందు నేరుగా అవసరమైన చోటికే పోతుంది. ఎక్కువ మందు ఏదో, తక్కువ మందు ఏదో మీరే చెప్పండి. జబ్బు చాలాకాలం ఉంటుంది కాబట్టి మందూ చాలాకాలం ఉంటుంది. దాన్ని వ్యసనం అనరు.

అడిగినవాళ్లకే దొరుకుతుంది

ఈ పంపు పుట్టిందే ఒక ప్రశ్నలోంచి. 1955లో అమెరికాలోని రైకర్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీకి జార్జి మైసన్ అధ్యక్షుడు. ఆయన పదమూడేళ్ల కూతురికి ఆస్తమా. చేత్తో రబ్బరు బంతి పిండుతూ గాజు పరికరంతో మందు పీల్చడం ఆ పిల్లకు విసుగు పుట్టించింది. "జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బాలో ఈ మందును ఎందుకు పెట్టకూడదు?" అని తండ్రిని అడిగింది. చిన్నపిల్ల మాట అని ఆయన కొట్టిపారేయలేదు. తన కంపెనీ వాళ్లను పనిలో పెట్టాడు. 1956లో మొదటి మీటర్డ్ డోస్ ఇన్‌హేలర్ బజారుకొచ్చింది. ప్రపంచంలో కోట్లమంది జేబుల్లోకి చేరిన వస్తువుకు మూలం ఒక బడిపిల్ల ప్రశ్న.

డాక్టరు ముందు మనం మాత్రం చేతులు కట్టుకుని నిలబడతాం. చీటీ తీసుకుని బయటికొచ్చి, మందుల దుకాణం కుర్రాణ్ని అడుగుతాం "ఇదెట్ల వాడాలె తమ్మీ" అని. ఆ ప్రశ్న అడగాల్సింది డాక్టరునే. ఈసారి వెళ్లినప్పుడు ఈ ఐదూ కాగితం మీద రాసుకుపోండి:

- నాది ఆస్తమానా, సీఓపీడీనా, ఇంకేదైనానా?
- ఈ ఇన్‌హేలర్ రోజూ వాడాలా, ఆయాసం వచ్చినప్పుడేనా?
- ఎలా వాడాలో ఒకసారి చూపిస్తారా? నేను వాడి చూపిస్తాను, తప్పుంటే చెప్తారా?
- నెలకు ఎంతవుతుంది? ఇదే మందు తక్కువ ధరలో, జనఔషధి కేంద్రంలోగానీ ఇక్కడ ఉచితంగా గానీ దొరుకుతుందా?
- ఎలాంటి లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి?

డాక్టరు విసుక్కుంటారేమోనని భయపడకండి. కొనుక్కోలేని మందు రాయించుకుని నెలలో పది రోజులు వాడి మానేయడం కంటే, "సార్, ఇది నాకు భారం" అని చెప్పడమే తెలివి. సాల్‌బుటమాల్ లాంటివి అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉన్నాయి. వాటి ధరకు ప్రభుత్వం పరిమితి పెట్టింది.

ఏది మీకు కుదురుతుంది?

"పక్కింటి పెద్దాయనకు ఇది పనిచేసింది" అని అదే తెచ్చుకోకండి. ఆయన ఊపిరి వేరు, మీ ఊపిరి వేరు. ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

పంపు: నొక్కితే మందు తుంపరగా వస్తుంది. నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో జరగాలి. ఈ సమన్వయం కుదరనివాళ్లకు స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం ఉంది. మందు ముందు అందులోకి వెళ్తుంది, మీరు తీరిగ్గా పీల్చుకోవచ్చు. పిల్లలకు, ముసలివాళ్లకు స్పేసర్ తప్పనిసరి అనుకోండి.

పొడి మందు: చిన్న క్యాప్సూల్‌ను పరికరంలో పెట్టి తిప్పితే తెరుచుకుంటుంది. పొడిని మీ ఊపిరే లాగాలి. అందుకే గట్టిగా, వేగంగా పీల్చగల శక్తి ఉండాలి. బాగా ముదిరిన సీఓపీడీలో ఆ శక్తి ఉండకపోవచ్చు. క్యాప్సూల్‌ను గోలీ అనుకుని నీళ్లతో మింగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది మింగేది కాదు.

నెబులైజర్: కరెంటుతో నడిచే యంత్రం. మాస్కు పెట్టుకుని మామూలుగా ఊపిరి తీస్తే చాలు. "ఆవిరి పట్టించుకుంటేనే తగ్గుతది" అని చాలామంది నమ్మకం. స్పేసర్‌తో సరిగ్గా వాడిన పంపు చాలామందిలో అంత పనీ చేస్తుంది, ఖర్చు తక్కువ, జేబులో పడుతుంది, కరెంటు పోయినా పనిచేస్తుంది. పంపు గానీ పొడి గానీ ఏ విధంగానూ వాడలేనివాళ్లకు నెబులైజర్.

ఎంపికకు మిమ్మల్ని మీరే మూడు సంగతులు పరీక్షించుకోండి. ఒకటి, ఊపిరి: ఒక్క పెట్టున గట్టిగా లాగగలరా? లాగలేకపోతే పొడి మందు వద్దని చెప్పండి. రెండు, చేయి: పంపును ఒంటి చేత్తో నొక్కగలరా? మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరోసిస్‌తో కీళ్లు బిగుసుకున్న పెద్దవాళ్లకు ఈ చిన్న మీట కూడా కొండే. కీళ్లవాతం ఉన్నవాళ్లదీ అదే బాధ. వాళ్లు రెండు చేతులతో నొక్కాలి, లేదా ఇంట్లోవాళ్లు నొక్కి స్పేసర్ పట్టాలి. మూడు, జ్ఞాపకం: రోజుకు రెండుసార్లు గుర్తుంటుందా? ఉండదంటే రోజుకు ఒక్కసారి వాడే మందు ఉందేమో అడగండి. ఈ మూడింటికీ సరిపోయిందే మీకు మంచి ఇన్‌హేలర్. అట్ట మీది ధర ఆ సంగతి చెప్పదు.

సాధన లేనిదే పట్టు రాదు

పంపు పద్ధతి ఇది. నిటారుగా కూర్చోండి. మూత తీసి బాగా కదిలించండి. లోపలి గాలి మొత్తం బయటికి వదలండి. పంపు మూతిని పళ్ల మధ్య పెట్టి పెదవులు బిగించండి. మెల్లగా పీల్చడం మొదలుపెట్టి, ఆ క్షణంలోనే ఒక్కసారి నొక్కండి. నొక్కాక కూడా నాలుగైదు సెకన్లు మెల్లగా పీలుస్తూనే ఉండండి. పది సెకన్లు ఊపిరి బిగబట్టండి. రెండో మోతాదు ఉంటే అర నిమిషం ఆగి మళ్లీ మొదటి నుంచి.

పొడి మందుకు ఇది తిరగబడుతుంది. అక్కడ మెల్లగా పీలిస్తే పొడి కదలదు. గాలి వదిలేటప్పుడు పరికరాన్ని నోటికి దూరంగా పట్టుకోండి, లేకపోతే ఊపిరి తడికి పొడి ఉండ కడుతుంది. తర్వాత నోట్లో పెట్టుకుని వేగంగా, లోతుగా లాగండి. క్యాప్సూల్‌లో పొడి మిగిలితే మరోసారి లాగండి.

స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత, గొంతు బొంగురు. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. పంపును ట్రాక్టరు డబ్బాలో, బండి డిక్కీలో, కారు అద్దం ముందు వదిలేయకండి. వానాకాలంలో పొడి క్యాప్సూళ్లను తడి తగలని చోట పెట్టండి. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి.

అన్నిటికంటే ముఖ్యం, నివారణ మందుకూ ఉపశమన మందుకూ తేడా తెలియడం. ఉపశమన మందు నిమిషాల్లో గొట్టాలు తెరుస్తుంది, ఆ ఫలితం కొన్ని గంటలే. నివారణ మందు రోజూ వాడితేనే పనిచేస్తుంది, ఫలితం మెల్లగా కనిపిస్తుంది. హాయిగా ఉందని దాన్ని మానేస్తారు, మూడు వారాల్లో మళ్లీ దవాఖాన మెట్లెక్కుతారు. ఆస్తమా ఉన్నవాళ్లు ఉపశమన మందొక్కదానితోనే నెట్టుకురావద్దని జినా అనే అంతర్జాతీయ మార్గదర్శక సంస్థ 2019 నుంచి గట్టిగా చెబుతోంది. ఉపశమన మందు అవసరం పెరుగుతోందంటే జబ్బు అదుపు తప్పుతోందని అర్థం. ఎన్నిసార్లు వాడారో క్యాలెండరులో గీతలు పెట్టండి. ఆ గీతలే డాక్టరుకు మీ కథ చెబుతాయి.

మందు పని మందుది, మీ పని మీది

బీడీ మానండి. "ఇన్నేళ్లు తాగినంక ఇప్పుడు మానితే ఏమొస్తది" అనేవాళ్లకు 1977లో ఫ్లెచర్, పీటో అనే బ్రిటిష్ పరిశోధకులు జవాబు చెప్పారు. పోయిన ఊపిరితిత్తుల సామర్థ్యం తిరిగిరాదు గానీ, మానిన దగ్గర నుంచి అరుగుదల వేగం తగ్గుతుంది. యాభైలో మానినా, అరవైలో మానినా లాభమే. ఒంటరిగా కుదరకపోతే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేయండి. అది పొగాకు మానేవాళ్లకు ప్రభుత్వం పెట్టిన ఉచిత సహాయ లైను.

దుమ్ముతో బేరమాడండి. కొనుగోలు కేంద్రంలో వడ్లు తూర్పారపట్టే యంత్రం దగ్గర గాలి ఎటునుంచి వస్తుందో ఆ వైపు నిలబడండి. మిల్లులో ఊడ్చే పని ఉంటే ముందు నీళ్లు చల్లించండి. మూతికి కట్టిన తువ్వాల సన్నటి దుమ్మును ఆపలేదు, ఎన్‌95 లాంటి మాస్కు కావాలి. షాద్‌నగర్, కొత్తూరు వైపు పలుగురాయి పొడి కొట్టే పనుల్లో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి. ఆ దుమ్ము తెచ్చే సిలికోసిస్‌ను ఏ ఇన్‌హేలరూ నయం చేయదు, పైగా టీబీకి దారి తెరుస్తుంది. చట్టం ప్రకారం సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి. ఎక్కడ, ఎన్నేళ్లు పనిచేశారో డాక్టరుకు చెప్పి చీటీలో రాయించుకోండి. రేపు నష్టపరిహారం అడగాలన్నా ఆ కాగితమే ఆధారం.

కదలండి. ఆయాసం వస్తుందని మంచానికి అంటుకుపోతే కాళ్ల కండలు కరుగుతాయి, అప్పుడు నాలుగు అడుగులకే ఎగపోత. రోజూ నడవండి. ఎగపోసినప్పుడు ఆగి, ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి పీల్చినదానికి రెండింతల సేపు మెల్లగా వదలండి. ముందుకు వంగి మోకాళ్ల మీద చేతులు ఆనించి కూర్చోండి. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెబితే న్యుమోనియా టీకా వేయించుకోండి. కడుపు బిగిసేలా ఒక్కసారే తినకుండా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినండి.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదానికి మన ఊళ్ల నుంచీ బస్సెక్కేవాళ్లున్నారు. దానితో ఆస్తమా నయమవుతుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. నమ్మకం కొద్దీ వెళ్తామంటే అది మీ ఇష్టం. కానీ ఆ నమ్మకంతో ఇన్‌హేలర్ మానకండి. జూన్ ఉక్కపోతలో, ఆ జనంలో నిలబడేటప్పుడు ఉపశమన మందు జేబులోనే ఉండాలి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట

"ఎప్పుడూ దగ్గే, ఎప్పుడూ మూలుగే" అన్న మాట జబ్బు కంటే ఎక్కువ కుంగదీస్తుంది. నాయిన పంపు ఎలా వాడుతున్నాడో పక్కన కూర్చుని చూడండి. తెమడ రంగు మారి పచ్చబడినా, పరిమాణం పెరిగినా, ఆయాసం నిన్నటికంటే ఎక్కువైనా అదే రోజు డాక్టరుకు చూపించండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదవులు నీలం తిరిగినా, మగతగా ఉన్నా, ఉపశమన మందు వాడినా తగ్గకపోయినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

ఈ వారమే మూడు పనులు చేయండి. మీ ఇన్‌హేలర్ తీసి గడువు తేదీ, మిగిలిన మోతాదులు చూడండి. ఇంట్లో ఒకరి ముందు పైన చెప్పిన పద్ధతిలో వాడి చూపించండి. వచ్చేసారి దవాఖానకు వెళ్లేటప్పుడు చీటీతో పాటు ఇన్‌హేలర్ కూడా తీసుకెళ్లి, డాక్టరు ముందే వాడి, తప్పుంటే దిద్దించుకోండి. కుదరకపోతే మార్చమని అడగండి. అడగడం మీ హక్కు, నేర్చుకోవడం మీ బాధ్యత.